మూడో ప్రకటన

అక్టోబరు 22, బుధవారం

పెళ్లి కుదిరాక డైరీ మొదలుపెట్టడం చూస్తే నాకే నవ్వొస్తోంది. ఇరవైతొమ్మిదేళ్లూ నోటితోనే సరిపెట్టుకున్నదాన్ని. ఇప్పుడు నోటికొచ్చేవన్నీ బయట అనేవి కావు. నాయనమ్మ చెవిన పడితే ఇబ్రహీంపట్నం అంతా తెలుస్తుంది. బాపుతో అనలేను. అమ్మ లేదు. అందుకని ఇక్కడ.

సాయంత్రం బ్యాచికి ఇడియమ్స్ చెప్పాను. బస్టాండు ఎదుట, కోడిగుడ్ల దుకాణం పైన మా స్పోకెన్ ఇంగ్లిషు సెంటరు. పాఠం పేరు, గాఢంగా ప్రేమలో ఉన్నప్పుడు అనే మాటలు. ఎప్పుడూ టెన్సులు చెప్పినట్టే చెప్పేదాన్ని, మొహంలో ఏ మార్పూ లేకుండా. ఇవాళ బోర్డు మీద రాస్తుంటే చెవులు వేడెక్కాయి. హెడ్ ఓవర్ హీల్స్ అంటే తలకిందులైపోయేంత ప్రేమ. స్వెప్ట్ ఆఫ్ మై ఫీట్, కాళ్ల కింద నేల కొట్టుకుపోవడం. లవ్‌సిక్, ప్రేమ జబ్బు, అన్నం సహించదు. హెడ్ ఇన్ ద క్లౌడ్స్, తల మబ్బుల్లో పెట్టుకుని దారి మరిచిపోవడం. ఓన్లీ హ్యావ్ ఐస్ ఫర్ యు, నిన్ను తప్ప ఇంకెవరినీ చూడని కళ్లు.

యశోద చెయ్యెత్తింది. కూతురి బడిలో టీచర్లతో ఇంగ్లిషులో పోట్లాడాలని నేర్చుకుంటున్న మనిషి, బ్యాచిలో అందరికన్నా పెద్దది. "ఏంది మేడం, ఇంగ్లీషోళ్లకు ప్రేమస్తే పడుడు, కొట్టుకపోవుడు, జబ్బు జేసుడేనా? ఒక్కలన్న సక్కగ నిలవడరా?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నిలబడే ఇడియమ్ ఒక్కటీ నాకు తట్టలేదు.

ఆ జాబితాలో చివరిది ఒకటుంది, 'క్యారీ ఎ టార్చ్' అని. దాన్ని వదిలేశాను. ఇంటర్వ్యూల్లో ఎవరూ అడగరు.

ఇక అసలు సంగతి. అతని పేరు జయపాల్. కొంగరకలాన్ కలెక్టరేట్‌లో పని, ఉండేది అబ్దుల్లాపూర్‌మెట్. మొన్న ఆదివారం తల్లితో కలిసి మమ్మల్ని చూడటానికి వచ్చాడు. నాయనమ్మ లేవబోతే ఒళ్లోని ఆకువక్క సంచి జారి వక్కలన్నీ గదంతా దొర్లాయి. అందరం అయ్యో అన్నాం. అతను ఒక్కడే కింద కూర్చుని, మంచం కిందికి చెయ్యి పెట్టి, ఒక్కో వక్కా ఏరి, దుమ్ము ఊదాడు. కొత్త ప్యాంటు మోకాళ్లకు మట్టి అంటుకుంది. అంతే. నా సంగతి అక్కడే అయిపోయింది. ఎంఏ ఇంగ్లిషు చదివి, వక్కలేరే మగవాడికి పడిపోయాను.

అక్టోబరు 23, గురువారం

ఫోన్ రాలేదు. ఆఫీసులో పనెక్కువ ఉండి ఉంటుంది.

అక్టోబరు 25, శనివారం

జయపాల్ వచ్చాడు. ప్రకటనకు కావలసిన వివరాలు, బాప్తిస్మపు కాగితం ఇచ్చిపుచ్చుకోవడానికి.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు మందిరంలో ఇద్దరి పేర్లూ చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పాలి. మా మందిరంలోనే కాదు, పెళ్లికొడుకు మందిరంలో కూడా చదవాలి. ఎవరూ ఏమీ అనలేదని అక్కడి పాస్టరు అయ్యగారి కబురు వస్తే ఇక్కడి అయ్యగారు పెళ్లి చేస్తారు. మాది నవంబరు ఇరవై ఏడు, గురువారం. మా మందిరంలో బాపు చెప్పేశాడు. వాళ్ల మందిరంలో తనే చెప్పుకుంటానన్నాడు జయపాల్.

చాలా ఆలస్యంగా వచ్చాడు. బొంగ్లూరు గేటు దగ్గర మా వైపు తిరగకుండా సిటీ వైపు వెళ్లిపోయాడట. ఎంత దూరం పోయాక గుర్తొచ్చిందో అడిగితే సిగ్గుపడ్డాడు. నాయనమ్మ పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర కూర్చుని కోడికూర వండితే రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. కడుపు బాగాలేదా అని అడిగితే, బాగానే ఉంది, తినబుద్ధి కావడం లేదన్నాడు. మొన్నటికి ఇవాళ్టికే దవడలు లోపలికి పోయాయి.

దారి మరిచాడు, అన్నం సహించడం లేదు. నేను బోర్డు మీద రాసినవి మనిషి రూపంలో మా వరండాలో కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాయి. ఇంత ప్రేమించే మొహం నాదేనా అని అతను వెళ్లాక అద్దంలో చూసుకున్నాను.

నాయనమ్మ మాత్రం గిన్నెలో కూర చూసుకుంటూ, "పిలగాడు మంచోడేగని, పానం ఈడ లేనట్టున్నది" అంది. ముసలిదానికి ఇడియమ్స్ రావు.

అక్టోబరు 28, మంగళవారం

పొద్దుటి నుంచి ఒకటే వాన. ఫోన్ నేనే చేశాను. తిన్నారా అన్నాను. తిన్న అన్నాడు. మీరు తిన్నారా అన్నాడు. తిన్నానన్నాను. వాన బాగా పడుతోంది అన్నాడు. చాలాసేపు మాట్లాడుకున్నాం.

నవంబరు 2, ఆదివారం

మొదటి ప్రకటన.

బాపు డిపోలో సెలవు పెట్టి, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, ముందు వరసలో కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, మందిరంలో ఎప్పుడూ వెనక బెంచీయే. వాక్యం అయ్యాక అయ్యగారు కళ్లజోడు సర్దుకుని చదివారు. "ఇమ్మానుయేలు కుమార్తె స్టెల్లాకును, అబ్దుల్లాపూర్‌మెట్ కాపురస్తుడైన జయపాల్‌కును జరుగబోవు వివాహమును గూర్చి ఇది మొదటి ప్రకటన. ఎవరికైనను న్యాయమైన అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను." తరువాత కాసేపు ఆగుతారు. ఆ కాసేపట్లో నా గుండె చప్పుడు పక్కవాళ్లకు వినపడుతుందని భయపడ్డాను. నాయనమ్మ దగ్గింది. నేను ఉలిక్కిపడ్డాను. వెనక ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

అదే వేళకు అబ్దుల్లాపూర్‌మెట్‌లో కూడా ఆరాధన జరుగుతూ ఉంటుంది. ఎన్నడూ చూడని మందిరంలో, ఎవరో తెలియని జనం మధ్య, అతని పేరు పక్కన నా పేరు వినిపించి ఉంటుంది. ఆ ఊహకే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రాసేస్తున్నాను, ఎవరూ చదివేది లేదు గనక. నాకు అతనంటే పిచ్చి. అతని నీలం చొక్కా, నెమ్మదిగా మాట్లాడే తీరు, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగడం, అన్నీ కావాలి. ఇన్నేళ్లు ఎక్కడ దాగిందో ఈ పిచ్చి.

మధ్యాహ్నం ఫోన్ చేసి, మీ దగ్గర చదివారా అని అడిగాను. "ఇయ్యాల జనం తక్కువున్నరు" అన్నాడు. వానలకు రాలేదేమో పాపం.

నవంబరు 4, మంగళవారం

మొహానికి పసుపు గానీ రాస్తున్నారా మేడం, మెరుస్తున్నారు అని యశోద ఆట పట్టించింది. నోర్మూసుకుని టెన్సులు రాయమన్నాను. నా చేతిలో మార్కరు తలకిందులుగా ఉందని కొండల్ చెప్పేదాకా చూసుకోలేదు. కొండల్ వాళ్లది చెరువులో చేపలు పట్టే ఇల్లు. ఫ్యాక్టరీ ఇంటర్వ్యూ కోసం వస్తున్నాడు. తక్కువ మాట్లాడతాడు గానీ అన్నీ చూస్తాడు.

నవంబరు 6, గురువారం

కలెక్టరేట్‌కు వెళ్లాను. ఏదో సర్టిఫికెట్ పని ఉందని బాపుతో అబద్ధం చెప్పి, టిఫిన్ డబ్బాలో పులిహోర పెట్టుకుని. పెళ్లి కాకముందే ఈ బరితెగింపేమిటని దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

నన్ను చూసి తడబడ్డాడు. వెంటనే సర్దుకుని క్యాంటీన్‌లో కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. పులిహోర సగం తిన్నాడు, బాగుందన్నాడు. కబుర్లు సాగలేదు. బల్ల మీద అతని బండి తాళాలు ఉన్నాయి. వాటికి ఒక చిన్నపిల్లల క్లిప్పు తగిలించి ఉంది, పసుపుపచ్చ పువ్వు బొమ్మతో. ఇదెవరిది అని అడిగాను.

అంతే, మనిషి మారిపోయాడు. ఆ పాప పేరు భవిత, రెండో క్లాసు, వాళ్ల మందిరంలో సండేస్కూల్‌లో ఇతని పక్కనే కూర్చుంటుంది. లెక్కలు చకచకా చేస్తుంది, పాట మాత్రం శ్రుతి లేకుండా గట్టిగా పాడుతుంది. తండ్రి లేడు. ఇన్ని రోజుల్లో అతను నాతో అన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదలు. నవ్వాడు కూడా. నవ్వితే కుడివైపు సొట్ట పడుతుందని ఇవాళే తెలిసింది.

పిల్లలంటే అంత ప్రాణం పెట్టే మనిషి దొరకడం నా అదృష్టం. బస్సులో వస్తూ మా పిల్లల పేర్లు కూడా ఆలోచించాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నవంబరు 9, ఆదివారం

రెండో ప్రకటన అయింది. ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి ఏముంది.

బయటికి వస్తుంటే అయ్యగారు పిలిచారు. అబ్దుల్లాపూర్‌మెట్ అయ్యగారితో వేరే పని మీద మాట్లాడారట. మొదటి ప్రకటన అయిందా అని అడిగితే, ఇంకా చదవలేదన్నారట. ఆయనకు వయసు మళ్లింది, మతిమరుపు, అన్నారు మా అయ్యగారు. జయపాల్‌ను ఒకసారి గుర్తుచేయమను అన్నారు.

మతిమరుపే అయి ఉంటుంది.

నవంబరు 10, సోమవారం

అంతా బాగుంది.

నవంబరు 11, మంగళవారం

చీర తీసుకున్నాం. తెల్లది, సన్నటి జరీ అంచు. అంతా బాగుంది.

నవంబరు 12, బుధవారం

ఫోన్‌లో అడిగాను. చెప్తా అన్నాడు. ఎవరికి చెప్తారు అన్నాను. అయ్యగారికి అన్నాడు. ఏమని చెప్తారు అన్నాను. లైను కట్ అయింది. అటువైపు సిగ్నల్ ఎప్పుడూ అంతే.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. కళ్లు మూసుకున్న సంగతి దానికి తెలియదని ఎవరన్నారో.

శనివారం నేనే వెళ్లి ఆ అయ్యగారికి గుర్తుచేసి వస్తాను. మతిమరుపు మనుషులకు ఎదురుగా చెప్పాలి.

నవంబరు 15, శనివారం

వెళ్లొచ్చాను. వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే ఇంకోలా మార్చుకుంటాను.

మందిరం హైవే పక్క సందులో ఉంది. అయ్యగారు ఊళ్లో లేరు. ఆయన భార్య మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. జయపాల్ పెళ్లి ప్రకటన సంగతి అడిగాను. "మా దగ్గెర ఏం సదవలే బిడ్డా. జయపాలే అచ్చి జర ఆగుమన్నడు" అంది. ఎందుకు ఆగమన్నాడో చెప్పలేదట. నువ్వెవరమ్మా అని అడిగింది. చుట్టాలమ్మాయిని అన్నాను. కూర్చో, కాసేపట్లో అతనే వస్తాడు, శనివారాలు పిల్లలకు క్రిస్మస్ పాటలు నేర్పుతాడు అంది.

లోపల పిల్లలు అప్పటికే గోల చేస్తున్నారు. ఒక పిల్ల అందరికన్నా గట్టిగా, శ్రుతి లేకుండా పాడుతోంది. ఒక జడకు పసుపుపచ్చ పువ్వు క్లిప్పు, రెండో జడకు ఉత్త నల్ల పిన్ను. ఇంకో క్లిప్పు ఏదమ్మా అన్నాను. జయపాల్ అంకుల్ దగ్గర ఉందని, కొత్త జత కొనిచ్చేదాకా దాచిపెడతానన్నాడని చెప్పింది. అప్పుడు వాళ్లమ్మ చాపలు మోసుకుంటూ వచ్చింది. భాగ్యశ్రీ. నాకన్నా పెద్దది, సన్నగా, మెడలో ఏమీ లేదు. ఎండన పడి వచ్చినట్టున్నవు, నీళ్లు తాగుతవా అక్కా అని చెంబు అందించింది. తాగాను. ఏం చెయ్యను, దాహం వేసింది.

జయపాల్ బిస్కెట్ల అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో ఆగి, చాపలు పరుస్తున్న ఆమెను చూశాడు. ఆమె తలెత్తలేదు. అతను చూస్తూనే ఉన్నాడు. నేను గుమ్మం పక్కనే ఉన్నాను, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరలో. అతనికి కనపడలేదు. నేను బోర్డు మీద రాసినవన్నీ ఆ మొహంలో ఉన్నాయి, ఒక్కటి తప్పకుండా. నాలుగేళ్లుగా చెబుతున్న పాఠం, దాని అర్థం మొదటిసారి చూశాను.

తప్పు చదవలేదు నేను. దారి మరవడం, అన్నం సహించకపోవడం, దవడలు పీక్కుపోవడం, అన్నీ సరిగ్గానే చదివాను. అతను గాఢంగా ప్రేమలోనే ఉన్నాడు. ఎవరితో అన్నది ఒక్కటే తప్పాను.

బయట వేపచెట్టు కింద నిలబడి మాట్లాడాం. అతను దాచలేదు. భాగ్యశ్రీ భర్త పోయి చాలా కాలమైంది. చేసుకుంటానని ఇంట్లో చెబితే, పిల్ల తల్లి నా గడప తొక్కడానికి వీల్లేదంది అతని తల్లి. భాగ్యశ్రీ కూడా వద్దంది, అమ్మ చెప్పినదాన్నే చేసుకోమంది. అలా మా ఇంటికి వచ్చాడు. అన్నీ చేశాడు గానీ, ఆమె కూర్చున్న మందిరంలో తన పేరు ఇంకొకరి పేరుతో చదివించడం ఒక్కటే చేతకాలేదు. ప్రతి వారం అయ్యగారి ఇంటిదాకా వెళ్లి, వచ్చే వారం అని చెప్పి వచ్చాడు.

"మరి నన్నేం చేద్దామనుకున్నారు?" అన్నాను.

"మీరు ఊ అంటే బిషప్ అయ్యగారి అనుమతి తీస్కొని మూడు ప్రకటనలు వచ్చే ఆదివారం ఒక్కసారే చదివిపిస్త. మీ తప్పేం లేదు. మిమ్ముల మంచిగ చూసుకుంట. గదొక్కటి మాటిస్త."

మంచిగ చూసుకుంట. అతను అన్నంత పనీ చేస్తాడని నాకు తెలుసు. వక్కలు ఏరినట్టే. మూడు వారాలుగా నాకు ఫోన్‌లో వినపడింది ఈ మంచితనమే. దాన్నే నేను ఇంకేదో అనుకున్నాను.

రేపు చెప్తానని వచ్చేశాను.

అదే రోజు, ఇంకొంచెం

నాకు అతను కావాలి. ఇది తెలిశాక కూడా కావాలి. నిన్నటికన్నా ఎక్కువ కావాలి, సిగ్గులేని మనసు. రేపు నోరు మూసుకుని కూర్చుంటే చాలు, అతను నా వాడవుతాడు. పెళ్లయ్యాక మనసు మారదా? అందరికీ మారుతుందంటారు. పిల్లలు పుడితే మారుతుందంటారు. ఆ సొట్ట నన్ను చూసి కూడా పడుతుందేమో. ఎందుకు పడకూడదు?

బాపు హాలుకు చెప్పాడు, వంటవాళ్లకు చెప్పాడు, డిపోలో అందరికీ కార్డులు పంచాడు.

ఆమె నీళ్లిచ్చింది. అక్కా అంది.

నవంబరు 16, ఆదివారం

పొద్దున్నే నాయనమ్మకు చెప్పేశాను. ఊరంతా తెలిస్తే తెలియనీ అని. ఆమె వక్క నములుతూ విన్నది. అతను మంచిగ చూసుకుంటానన్నాడు నాయనమ్మా, అదన్నా దొరుకుతుంది కదా అన్నాను. ఆమె వాకిట్లోకి వక్క ఉమ్మింది.

"మీ తాత నారయ్య గూడ నన్ను మంచిగనే చూసుకున్నడు బిడ్డా. కట్టెలమోపును మోసినట్టు, కిందవడకుంట, జాగర్తగ మోసిండు. గని మోపును జూసి ఎవలన్న నవ్వుతరానే."

తాతకు ఎవరైనా ఉండేవారా అని అడగలేదు. ఆమె చెప్పలేదు. లేచి నా జడ వేసింది. చిన్నప్పటి తరువాత ఇదే. ఎందుకో బాగా బిగించి వేసింది, కళ్లలో నీళ్లు వచ్చాయి.

మందిరంలో బాపు ముందు వరసలో, అదే తెల్ల చొక్కా. ఇది మూడవ ప్రకటన అన్నారు అయ్యగారు. అభ్యంతరమున్న యెడల అన్నారు. ఆగారు. ఆ కాసేపు చాలా చిన్నది. దాటిపోతే ఇక అయిపోయినట్టే. దాటనిద్దామనే అనుకున్నాను, చివరిదాకా అనుకున్నాను.

లేచి నిలబడ్డాను.

"అభ్యంతరం ఉన్నది అయ్యగారూ. నాదే."

ఆయన కళ్లజోడు తీశారు. పెళ్లికూతురే లేవడం ఆయన ఎన్నడూ చూసి ఉండరు. కారణం చెప్పాలమ్మా అన్నారు మెల్లగా. కారణం నా నోటి దాకా వచ్చింది. చెబితే అతని పరువు పోతుంది. ఆమెదీ, ఆ పిల్లదీ కూడా సాయంత్రంలోగా పోతుంది. రేపెప్పుడైనా వాళ్లిద్దరి పేర్లు కలిపి చదివినప్పుడు అందరికీ ఇదే గుర్తొస్తుంది.

"ఆయన తప్పేం లేదు. నాకే ఇష్టం లేదు" అన్నాను.

బాపు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. కోపం కాదు, అర్థం కాకపోవడం. కోపమైతే భరించేదాన్ని. నాయనమ్మ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇంటికి వచ్చాక బాపు ఒక్క మాటే అన్నాడు. "ఇష్టం లేకపోతె ముందుగాల్నే చెప్పకపోతివా బిడ్డా. నిన్ను ఎవలు బలవంతం చేసిన్రు?" ఎవరూ చెయ్యలేదు బాపూ అన్నాను.

ఇన్ని రోజులూ ఇక్కడ నాకు నేనే అబద్ధాలు రాసుకున్నాను. ఇవాళ మందిరంలో నిలబడి అబద్ధం చెప్పాను కాబట్టి ఇక్కడ నిజం రాస్తున్నాను. నాకు ఇష్టం. చాలా ఇష్టం. తలకిందులుగా, జబ్బుగా, ఆ పాఠంలో ఉన్నన్ని రకాలుగా ఇష్టం.

నవంబరు 17, సోమవారం

అతను ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తితే థాంక్స్ చెబుతాడు. అది నేను వినలేను.

నవంబరు 19, బుధవారం

ఎంఏ చదివినదానికి కళ్లు నెత్తికెక్కాయట. డబ్బున్న సంబంధం ఇంకేదో వచ్చి ఉంటుందట. కోడిగుడ్ల దుకాణం బాలనర్సమ్మ నా మొహం మీదే అడిగింది, ఏమైందే నీకు, గంత మంచి పిలగాడు అని. నచ్చలేదు అన్నాను. రెండోసారికి అబద్ధం సులువవుతుంది.

బాపు నాతో మాట్లాడటం లేదు.

నవంబరు 27, గురువారం

పెళ్లి కావలసిన రోజని సెంటర్లో సెలవు పెట్టమన్నారు. పెట్టలేదు. ఇంట్లో కూర్చుని ఆ చీర మొహం చూస్తూ ఏం చెయ్యను.

ఇడియమ్స్ రివిజన్ ఇవాళే వచ్చింది. అన్నీ చెప్పించాను. ఆఖర్న కొండల్ నోట్సు తిరగేసి, మేడం, ఆనాడు చివరిది వదిలేశారు అన్నాడు. ఇంటర్వ్యూలో అడగరు అనబోయాను. కానీ బోర్డు మీద రాశాను. క్యారీ ఎ టార్చ్ ఫర్ సమ్‌వన్. ఒకరి కోసం దివిటీ పట్టుకుని నిలబడటం అని చెప్పాను. వాళ్లు మన వైపు చూడకపోయినా, ఎన్నటికీ మనవాళ్లు కాకపోయినా, దించకుండా పట్టుకోవడం.

"బారాత్ల లైట్లు మోసెటోళ్ల లెక్కనా మేడం?" అన్నాడు కొండల్. చేపలు పడని రోజుల్లో అతను ఆ పనికి పోతాడట. "పెండ్లి వేరేటోళ్లది. ఎలుగు మనం మొయ్యాలె."

అవును, అదే అన్నాను. బరువుగా ఉంటుందా అని అడిగాను, ఎందుకడిగానో. మెడ నొస్తది మేడం, గని ఇల్లు రాంగనే దించుతం కద అన్నాడు. యశోద నన్నే చూస్తోంది. ఇన్నాళ్లకు నిలవడేది ఒకటి దొరికింది మేడం అంది. నవ్వబోయాను. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. వాళ్ల ముందే, బోర్డు వైపు తిరిగి, డస్టరు పట్టుకుని ఏడ్చాను. ఎవరూ లేచి వెళ్లలేదు. యశోద లేచి, నా ఏడుపు కిందికి వినపడకుండా ఫ్యాను పెంచింది.

కిందికి దిగితే బాపు స్కూటరు మీద ఉన్నాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కా మీదే. నన్ను తీసుకెళ్లడానికి ఎన్నడూ వచ్చింది లేదు. నేను ఎక్కాక, జర పట్టుకో అన్నాడు. పట్టుకున్నాను.

డిసెంబరు 7, ఆదివారం

ఆరాధన అయ్యాక అయ్యగారు ఆపి, ఇబ్బందిగా చెప్పారు. వచ్చే వారం అబ్దుల్లాపూర్‌మెట్‌లో జయపాల్ పెళ్లి ప్రకటన చదువుతారట, ఎవరో చిన్న పిల్ల ఉన్న ఆమెతో. తల్లి ఒప్పుకుందో, ఒప్పుకోకపోయినా అతనే వెళ్లి చెప్పుకున్నాడో ఆయనకు తెలియదు. నీకు బాధ లేదు కదా, నువ్వే కదా వద్దన్నది అన్నారు.

లేదు అయ్యగారూ అన్నాను.

నాయనమ్మ దారంతా నా చెయ్యి వదల్లేదు.

డిసెంబరు 14, ఆదివారం

ఇవాళ అక్కడ మొదటి ప్రకటన.

మా మందిరంలో వాక్యం అయ్యే వేళకు గడియారం చూశాను. వాళ్ల దగ్గర కూడా ఇప్పుడే. పేర్లు చదివి ఉంటారు. అభ్యంతరమున్న యెడల అని ఉంటారు. ఆగి ఉంటారు.

నేను ఇక్కడ వెనక బెంచీలో, బాపు పక్కన, నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ కాసేపు గడిచేదాకా.